అక్క రాసింది, తమ్ముడి పేరుతో వినబడింది: ఫ్యానీ మెండెల్‌సన్ హెన్సెల్ సంగీతం గురించి

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం విభాగంలో నేను చదవడమే గానీ రాయడం తక్కువ. ఈసారి ఉండబట్టలేక రాస్తున్నా.

మొన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక పియానో సొనాటా విన్నాను. ఈస్టర్ సొనాటా అని ఉంది. నాలుగు భాగాలు. మొదటిది నిమ్మళంగా, ఉదయపు ఎండలా ఉంటుంది. రెండోదాంట్లో ఒక చిన్న స్వరమాల మొదలవుతుంది, దాన్నే ఇంకో గొంతు అందుకుంటుంది, ఆ తర్వాత మరొకటి, అలా జడలా అల్లుకుపోతుంది. చివరి భాగం మాత్రం నన్ను కుదిపేసింది. కింది స్వరాలు భూమి కంపించినట్టు ఉరుముతాయి. ఆ హోరంతా అయ్యాక చర్చిలో పాడే కీర్తన ఒకటి మెల్లగా వస్తుంది. ఫెళఫెళలాడుతూ ముగుస్తుందని ఎదురుచూస్తున్నా, అది చప్పుడు లేకుండా ఆగిపోయింది. కాసేపు హెడ్‌ఫోన్స్ తియ్యబుద్ధి కాలేదు.

మెండెల్‌సన్ అన్న పేరు చూసి ఫెలిక్స్ అనే అనుకున్నా. తర్వాత సరిగ్గా చూస్తే ఫ్యానీ మెండెల్‌సన్. 1828లో రాశారట, అప్పటికి ఆవిడకి 22 ఏళ్ళు. పదిహేనేళ్ళుగా ఈ సంగీతం వింటున్నా, ఈ పేరు నా చెవిన పడలేదు. ఎవరికైనా తెలిస్తే కాస్త వివరంగా చెప్పండి.

చిన్నికృష్ణ:

ఫెలిక్స్ అంటే ఇంగ్లీషు సినిమాల్లో పెళ్ళికి వాయించే మార్చ్ రాసినాయనే కదండీ? ఆయన చెల్లెలు కూడా రాసేదని తెలీదు.

శ్రుతిలయ:

అవునండీ, ఆ పెళ్ళి మార్చ్ ఫెలిక్స్‌దే. కానీ ఫ్యానీ చెల్లెలు కాదు, అక్క. ఇంగ్లీషులో సిస్టర్ అని రాసేస్తారు కాబట్టి పెద్దదో చిన్నదో తెలియదు. మనం తెలుగులోకి తెచ్చేటప్పుడు అలవాటుగా చెల్లెల్ని చేసేస్తాం. ఈ కథలో ఆ తేడా చాలా ముఖ్యం. ఆమె పుట్టింది 1805 నవంబర్ 14న, హాంబర్గ్‌లో. ఫెలిక్స్ 1809లో. తర్వాత రెబెకా, పాల్. నలుగురిలో పెద్దది ఫ్యానీ. సంగీతంలో ముందు నడిచిందీ ఆమే. తమ్ముడు ఏం రాసినా మొదట అక్కకే చూపించేవాడు. ఆమెని ముద్దుగా కాంటర్ అనేవాడు. కాంటర్ అంటే చర్చిలో సంగీతం మంచిచెడ్డలు చూసే పెద్ద.

పుట్టినప్పుడే తల్లి లేయా పిల్ల వేళ్ళు చూసి, ఇవి బాఖ్ ఫ్యూగులు వాయించే వేళ్ళు అందట. బాఖ్ అంటే వాళ్ళకి ముందు తరాల జర్మన్ స్వరకర్త, ఫ్యూగు అంటే ఒకే స్వరమాలని ఒక్కో గొంతూ అందుకుంటూ అల్లుకుపోయే రచన. ఆ మాట ఊరికే అనలేదు. లేయాకి అబ్బింది కిర్న్‌బెర్గర్ ద్వారా వచ్చిన బెర్లిన్ బాఖ్ సంప్రదాయం, ఆయన స్వయంగా బాఖ్ శిష్యుడు. అంటే ఫ్యానీకి మొదటి పాఠాలు చెప్పిన తల్లి బాఖ్ గురుపరంపరలో మనిషే. 1818లో తండ్రి పుట్టినరోజుకి, పదమూడేళ్ళ ఫ్యానీ బాఖ్ రాసిన 24 ప్రెల్యూడ్లు, అంటే చిన్న చిన్న రచనలు, పుస్తకం చూడకుండా వాయించింది. నేను పియానో నేర్పుతాను కాబట్టి చెబుతున్నా, ఇరవై ఏళ్ళ పిల్లలు నాలుగు ప్రెల్యూడ్లు కంఠతా పట్టడానికి ఏడాది పడుతుంది.

తర్వాత బెర్లిన్‌లో బెర్గర్ దగ్గర పియానో, త్సెల్టర్ దగ్గర సంగీత శాస్త్రం. అక్కాతమ్ముళ్ళిద్దరికీ అవే పాఠాలు, అదే గురువు. దారులు విడిపోయింది 1820లో. ఆమెకి పద్నాలుగేళ్ళు. తండ్రి ఆబ్రహాం పారిస్ నుంచి ఒక ఉత్తరం రాశాడు. సంగీతం ఫెలిక్స్‌కి బహుశా వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది అలంకారంగానే ఉండాలి, నీ బతుక్కి మూలం కాకూడదు అని. 1828లో మళ్ళీ ఇంకో ఉత్తరం, ఆడపిల్లకి అసలు వృత్తి ఒక్కటే, గృహిణి కావడం, దానికి శ్రద్ధగా సిద్ధపడు అని. గోదారిగట్టు గారూ, మీరు విన్న సొనాటా ఆ ఏడాదిదే.

గోదారిగట్టు:

ఆ ఏడాదే! ఇప్పుడు మళ్ళీ వినాలి.

పాతప్రతులు:

ఆ సొనాటా ఇన్నాళ్ళు మనకి ఎందుకు దక్కలేదో చెప్తాను. చేతిరాత ప్రతులంటే నాకు ప్రాణం, కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆమె దాన్ని రాసిందని, వాయించిందని డైరీలో, ఉత్తరాల్లో ఉంది. కానీ ప్రతి ఎక్కడా లేదు. పోయిందనే అనుకున్నారు. 1970లో పారిస్‌లో ఒక సేకర్త దగ్గర ఒక ఈస్టర్ సొనాటా ప్రతి బయటపడింది. మీద ఎఫ్. మెండెల్‌సన్ అని ఉంది. ఎఫ్ అంటే ఫెలిక్స్ అని తేల్చేశారు. 1970ల్లో వచ్చిన రికార్డింగ్ ఆయన పేరుతోనే వచ్చింది. ఫ్యానీ రాసిందే అయి ఉంటుందని కొంతమంది పరిశోధకులు అన్నారు గానీ, ప్రతిని చూడకుండా రుజువు చెయ్యడం ఎలా?

2010లో ఆంజెలా మేస్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థిని పారిస్ వెళ్ళి ఆ ప్రతిని స్వయంగా చూసింది. చేతిరాత ఫ్యానీది. ఇంకా గట్టి ఆధారం ఏమిటంటే పుటల అంకెలు. బెర్లిన్ గ్రంథాలయంలో ఫ్యానీ రాసుకున్న సంపుటి ఒకటి ఉంది. దాంట్లో కొన్ని కాగితాలు లేవు, కోసేసి ఉన్నాయి. అక్కడ ఏ అంకెలు తప్పిపోయాయో ఈ సొనాటా మీద సరిగ్గా అవే అంకెలు ఉన్నాయి! పాత పుస్తకాలు సర్దేవాళ్ళకి ఆ క్షణం ఎలా ఉంటుందో తెలుసు. చిరిగిన పుస్తకంలోంచి పోయిన కాగితం ఇంకో ఊళ్ళో దొరికి, అంచుకి అంచు కలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

2012లో అమెరికాలో ఆమె పేరుతో మొదటిసారి వాయించారు. 2017 మార్చి 8న లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో సోఫ్యా గుల్యాక్ వాయిస్తే బీబీసీ రేడియో ప్రసారం చేసింది. రాసిన 189 ఏళ్ళకి.

కృష్ణవేణి:

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఇది పొరపాటున ఒకసారి జరిగింది కాదు. ఫెలిక్స్ తన ఎనిమిదో ప్రచురణలో, తొమ్మిదో ప్రచురణలో పన్నెండేసి పాటలు అచ్చు వేశాడు. ఒక్కోదాంట్లో మూడేసి పాటలు అక్కవి. మొత్తం ఆరు. కవరు మీద తన పేరే.

1842లో విక్టోరియా రాణి బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి పిలిచింది. ఆ సంగతి ఫెలిక్సే తల్లికి ఉత్తరంలో రాశాడు. రాణి పాడబోతూ, గదిలో రామచిలక ఉంది, నాకంటే గట్టిగా అరుస్తుంది, ముందు దాన్ని బయట పెట్టించండి అందట. అంత పెద్ద పంజరాన్ని ఫెలిక్సే మోసుకెళ్ళి బయట పెట్టాడు. అప్పుడామె అతని మొదటి పాటల పుస్తకం తీసి తనకి నచ్చిన పాట ఎంచుకుంది. ఇటలీ మీద ఉన్న పాట. ఎంచుకున్నది ఏమిటి? ఫ్యానీ రాసింది! ఇది మా అక్కది అని ఒప్పుకోవాల్సి వచ్చింది, అలా ఒప్పుకోవడం కష్టమే అయింది అని కూడా రాశాడు. ఆ తర్వాత నాది కూడా ఒకటి పాడండి అని అడిగాడు.

అన్ని పాటల్లో రాణికి నచ్చిన పాట రాసిన మనిషి ఆ రోజు బెర్లిన్‌లో ఇంట్లో ఉంది.

శ్రుతిలయ:

కృష్ణవేణి గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఫెలిక్స్‌ని దొంగ అంటే నేను ఒప్పుకోలేను. ఆ ఆరు పాటలు ఆమెకి తెలిసే వెళ్ళాయి, ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె పేరు పెట్టి అచ్చు వెయ్యడానికి ఆ ఇల్లు ఒప్పుకోదు కాబట్టి ఆ దారిలో వెళ్ళాయి. అది మంచి పని అని కాదు.

నాకు అంతకంటే బాధ కలిగించేది 1837 ఉత్తరం. అప్పటికి తండ్రి పోయి ఏడాదిన్నర దాటింది. తల్లి ఫెలిక్స్‌కి రాసింది, అక్కని అచ్చు వేయించమని నువ్వైనా చెప్పు అని. అతను ఒప్పుకోలేదు. అక్కకి రచయిత్రి కావాలన్న కోరికా లేదు, ఆ పిలుపూ లేదు, ఆమె ఇల్లు చక్కగా చూసుకుంటుంది, అచ్చు వెయ్యడం మొదలెడితే ఆ ప్రశాంతత పోతుంది అన్నాడు. తనే వేసుకుంటానంటే సాయం చేస్తానని, తాను మాత్రం ప్రోత్సహించనని. ఆ ఉత్తరం ప్రేమగానే ఉంటుంది. అందుకే ఆమెకి ఎదురు చెప్పడం అంత కష్టమైంది. శత్రువు అడ్డుపడితే పోట్లాడవచ్చు. ప్రాణంలా చూసుకునే తమ్ముడు వద్దంటే ఎవరితో పోట్లాడుతుంది?

ఇంకొకటి డబ్బు, హోదా. ఆ కాలంలోనే పేరున్న పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ చిన్నప్పట్నుంచి ఊరూరా కచేరీలు చేసింది. ఆమె తండ్రి పియానో మాస్టారు, కచేరీల మీద ఇల్లు గడవాలి. మెండెల్‌సన్లు బెర్లిన్‌లో పెద్ద బ్యాంకర్లు. ఆ స్థాయి ఇంటి ఆడపిల్ల టికెట్ పెట్టి వాయించడం పరువు తక్కువ. ఫ్యానీ బయట జనం ముందు వాయించిన సందర్భంగా మనకి తెలిసింది ఒక్కటే, 1838లో ఒక సహాయార్థ కచేరీ. అక్కడ వాయించింది తమ్ముడి కన్చెర్టో, అంటే పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసింది.

రవి_వరంగల్:

చిన్న సందేహం. ఎక్కడ చూసినా యూదు స్వరకర్త అని రాస్తున్నారు. కానీ ఈస్టర్ సొనాటా అంటున్నారు, చర్చి కీర్తన అంటున్నారు. ఆమె యూదురాలా, క్రైస్తవురాలా?

చరిత్రపురుగు:

రవి గారూ, మంచి ప్రశ్న. ఒక్క మాటలో చెప్పలేం, కొంచెం వెనక్కి వెళ్ళాలి.

తండ్రి తండ్రి మోసెస్ మెండెల్‌సన్. యూదుల ఆలోచనలో కొత్త యుగం తెచ్చిన తత్త్వవేత్త. 1743లో కుర్రాడిగా బెర్లిన్‌లోకి వచ్చింది రోజెంతాల్ ద్వారం గుండా, యూదులనీ పశువులనీ రానిచ్చే ద్వారం అది. మూడో తరానికి ఆ కుటుంబం ఎక్కడికి చేరిందో మీరు చూశారు. 1812లో బెర్లిన్ ఉన్న ప్రష్యా రాజ్యం యూదులకి పౌరసత్వం ఇచ్చింది గానీ ప్రభుత్వ ఉద్యోగాల తలుపులు మాత్రం తెరవలేదు. 1816 మార్చి 21న ఫ్యానీకి, తమ్ముళ్ళకి, చెల్లెలికి బెర్లిన్‌లో ప్రొటెస్టెంట్ బాప్తిస్మం ఇప్పించారు. తల్లిదండ్రులు 1822లో తీసుకున్నారు. పేరు వెనక బార్తోల్డీ అని కొత్త ఇంటిపేరు తగిలించుకున్నారు. అది మేనమామ జేకబ్ మొదలెట్టిన పేరు. మెండెల్‌సన్ అంటేనే యూదు పేరు కాబట్టి దాన్ని మెల్లగా వదిలించుకోవాలని తండ్రి తాపత్రయం. పిల్లలకి అది నచ్చలేదు. ఫెలిక్స్ 1829లో లండన్‌లో బార్తోల్డీ వదిలేసి వాయిస్తే తండ్రి మందలించాడు. ఆ పేరు మనకెవరికీ ఇష్టం లేదు, నువ్వు చేసింది నాకర్థమైంది అని అక్క రాసింది.

ఆ ఇంట్లో మతం మారడం అంటే కాగితం మీద సంతకం కాదు, ఎవరో ఒకరి గుండె పగలడం. అమ్మమ్మ బెల్లా సాలమన్ నిష్ఠగల యూదురాలు. కొడుకు జేకబ్ మతం మారాడని మాట్లాడటం మానేసింది. మనవల బాప్తిస్మం సంగతి ఆమెకి తెలియనివ్వలేదు. ఫ్యానీ కొడుకు సెబాస్టియన్ రాసిన కుటుంబ చరిత్రలో ఒక ముచ్చట ఉంది. చిన్న ఫ్యానీ తరచూ అమ్మమ్మ ఇంటికి వెళ్ళి పియానో వాయించేది. ఒకరోజు చాలా బాగా వాయిస్తే, నీకేం కావాలో అడుగమ్మా అంది ముసలావిడ. ఫ్యానీ అంది, మామయ్యని క్షమించు. ఆవిడకి నోట మాట రాలేదు. ఫ్యానీ కోసం నిన్ను క్షమిస్తున్నాను అని కొడుక్కి కబురు పెట్టింది.

అదే అమ్మమ్మ ఫెలిక్స్‌కి బాఖ్ రాసిన మత్తయి పాషన్ ప్రతి ఇప్పించింది. యేసు సిలువ కథ మీద రాసిన సంగీతాన్ని మనవడికి అందించింది నిష్ఠగల యూదు అమ్మమ్మ! అమ్మమ్మ చెల్లెలు సారా లెవీ కూడా చివరిదాకా యూదురాలే. బాఖ్ పెద్ద కొడుకు దగ్గర హార్ప్సికార్డ్ (పియానోకి ముందు తరం వాద్యం) నేర్చుకుంది. బెర్లిన్‌లో బాఖ్ సంగీతం బతికి ఉండటానికి ఈ యూదు ఆడవాళ్ళ చేయి చాలా ఉంది. 1829 మార్చి 11న ఫెలిక్స్ ఆ పాషన్‌ని తిరిగి వేదిక ఎక్కించినప్పుడు బృందగానంలో ఫ్యానీ కూడా పాడింది.

కాబట్టి మతం అడిగితే ప్రొటెస్టెంట్ క్రైస్తవురాలు. బాఖ్ కీర్తనలు ఆమెకి ఊపిరి, తన భక్తి సంగీతం కూడా నిజమైన భక్తితోనే రాసింది. కానీ లోకం మాత్రం ఆ కుటుంబాన్ని ఎప్పుడూ యూదులుగానే చూసింది. 1850లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతంలో యూదుల మీద విషం కక్కుతూ వ్యాసం రాసినప్పుడు ఫెలిక్స్ బాప్తిస్మం లెక్కలోకి రాలేదు. 1936లో నాజీలు లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ విగ్రహం తీసేశారు, ఆ సంగీతం వాయించకుండా చేశారు. పెద్దగా అచ్చులోకి రాని అక్క పేరు ఇక ఎవరికి గుర్తుంటుంది?

నా ఉద్దేశంలో ఆమె మౌనానికి ఇది కూడా కారణం. ఇంకా సమాజం పూర్తిగా ఒప్పుకోని కుటుంబం. నలుగురూ వేలెత్తి చూపించే పని ఒక్కటి కూడా చెయ్యకూడదని తండ్రి భయం. ఆ భయం భారమంతా ఇంటి ఆడపిల్ల మీద పడింది.

రవి_వరంగల్:

అమ్మమ్మ ముచ్చట చదివి కళ్ళు చెమర్చాయి. చాలా థాంక్స్ అండీ.

చిన్నికృష్ణ:

మరి పెళ్ళయ్యాక ఏమైంది? మొగుడు కూడా వద్దన్నాడా?

కృష్ణవేణి:

లేదండీ, ఈ కథలో నాకు మనశ్శాంతినిచ్చేది విల్‌హెల్మ్ హెన్సెలే. ఆయన ఆస్థాన చిత్రకారుడు. సంగీతం పెద్దగా రాదు, కానీ రాయి, రాయి అని రోజూ వెంటపడిన మనిషి. 1829 అక్టోబర్ 3న పెళ్ళి. పెళ్ళికి చర్చిలో వాయించే ఆర్గన్ సంగీతం ఫెలిక్స్ పంపుతానన్నాడు. లండన్‌లో బండి ప్రమాదంలో కాలికి దెబ్బ తగిలి మంచాన పడ్డాడు, రాలేదు, పంపలేదు. అందుకని తన పెళ్ళి సంగీతాన్ని ముందురోజు రాత్రి కూర్చుని పెళ్ళికూతురే రాసుకుంది. మన ఇళ్ళల్లో పెళ్ళికి ముందురోజు రాత్రి ఎంత హడావిడో తలుచుకోండి.

కొడుక్కి పెట్టుకున్న పేరు సెబాస్టియన్ లుడ్విగ్ ఫెలిక్స్. బాఖ్, బేథోవెన్, తమ్ముడు.

బెర్లిన్‌లో లైప్‌జిగర్ వీధి మూడో నంబరు ఇల్లు వాళ్ళది. వెనక తోటలో పెద్ద హాలు ఉండేది. అక్కడ ఆదివారం కచేరీలు నడిపింది. కార్యక్రమం ఎంచడం, బృందగానం నేర్పడం, పియానో దగ్గర నిలబడి నడిపించడం అన్నీ ఆమే. టికెట్ లేదు, పేపర్లో రాయరు. కానీ ఫ్రాంజ్ లిస్ట్ లాంటి పెద్ద పియానో విద్వాంసులు వచ్చి విన్నారు. 1831లో బెర్లిన్‌లో కలరా వచ్చినప్పుడు బైబిల్ వాక్యాలతో కాంటాటా అనే పెద్ద గానరచన చేసింది. ఆర్కెస్ట్రా, సోలో గాయకులు, బృందగానం అన్నీ ఉన్నాయి అందులో.

ఇక 1839లో భర్త, కొడుకుతో ఇటలీ వెళ్ళింది. రోమ్‌లో ఆమెకి రెక్కలొచ్చాయి. ఫ్రెంచి కుర్రాళ్ళు, వాళ్ళలో తర్వాత గొప్ప స్వరకర్త అయిన గునో కూడా, సాయంత్రాలు చుట్టూ కూర్చుని ఆమె బాఖ్, బేథోవెన్ వాయిస్తుంటే విన్నారు. జర్మన్ సంగీతం ఆవిడ దగ్గరే విన్నానని గునో జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఇంట్లో ఎవరి కూతురో, ఎవరి అక్కో కాకుండా, ఒక పెద్ద విద్వాంసురాలిగా ఆమెని చూసిన మొదటి గుంపు వాళ్ళే అనుకుంటా.

తిరిగొచ్చాక 1841లో రాసింది దాస్ యార్. అంటే సంవత్సరం. పన్నెండు నెలలకి పన్నెండు పియానో రచనలు, చివర ఒక ముగింపు. శుభ్రంగా ఎత్తి రాసిన ప్రతి రంగు కాగితాల మీద ఉంది, ఒక్కో నెలకి ఒక్కో రంగు. పైన రెండు మూడు పంక్తుల కవిత్వం, పక్కన విల్‌హెల్మ్ వేసిన చిన్న బొమ్మ. ఆలుమగలిద్దరూ కలిసి చేసుకున్న పుస్తకం అది. ఫిబ్రవరిలో రోమ్ తిరునాళ్ళ గోల, మార్చిలో ఈస్టర్ కీర్తన, డిసెంబర్‌లో క్రిస్మస్ పాట. మొత్తంగా అచ్చయింది 1989లో.

శ్రుతిలయ:

దాస్ యార్‌లో సెప్టెంబర్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పేరు నది ఒడ్డున. పైన జర్మన్ కవి గోథే మాటలు, పారు, పారు నా నదీ, నాకింక సంతోషం లేదు అని. వింటే ముగ్గురు వాయిస్తున్నట్టు ఉంటుంది. కుడిచేతి వేళ్ళు పైన నీళ్ళలా ఆగకుండా పరిగెడుతుంటాయి. అడుగున ఎడమచెయ్యి మెల్లగా అడుగులు వేస్తుంది. అసలు పాట మధ్యలో ఉంటుంది, దాన్ని ఎక్కువగా బొటనవేళ్ళు వాయించాలి. బొటనవేలు మనకున్న వేళ్ళలో మొరటుది, నొక్కితే దబ్బుమంటుంది. దాంతో గొంతు విప్పి పాడినట్టు పలికించాలి, పైన పరిగెత్తే వేళ్ళు దాన్ని కప్పేయకూడదు. మూడు నెలలు రోజూ పొద్దున అరగంట కూర్చున్నాను. ఒకరోజు నీళ్ళు వెనక్కి తగ్గి ఆ మధ్య గొంతు పైకి తేలింది. చుట్టూ అంత ప్రవాహం, నడుమ ఒక్క మనిషి గొంతు.

దాస్ యార్‌లో ఆమె బతికుండగా అచ్చయిన నెల ఇదొక్కటే, కొద్ది మార్పులతో రెండో సంపుటిలో వేసింది.

నిక్కచ్చి:

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకండి. ఆమె జీవితం మీద జాలితో సంగీతాన్ని ఎక్కువ చేసి చూస్తున్నామా? ఆమె 1834లో రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల రచన) విన్నా. మొదటి భాగం ఎటు వెళుతుందో తెలియలేదు. ఫెలిక్స్ కూడా ఇదే అన్నాడని చదివాను.

పాతప్రతులు:

నిక్కచ్చి గారూ, అడగాల్సిన ప్రశ్నే. ఫెలిక్స్ 1835 జనవరిలో రాశాడు, ఏ భాగమూ ఒక నిర్దిష్టమైన శ్రుతిలో నిలవడం లేదు, రూపం జారిపోతోంది అని. ఫ్యానీ జవాబు చదివితే మనసు కలుక్కుమంటుంది. మనం బేథోవెన్ చివరి రోజుల సంగీతంలో పెరిగాం, నేను అక్కడే ఉండిపోయాను, పెద్ద రచనలో ఆలోచనని చివరిదాకా నిలబెట్టే బలం నాకు లేదు, పాటలే నాకు నప్పుతాయి అంది. ఆ తర్వాత ఇంకో క్వార్టెట్ రాయలేదు.

కానీ మీరు మొదటి భాగాన్ని సొనాటా రూపం ఆశించకుండా ఇంకోసారి వినండి. అది వేగంగా మొదలయ్యే మామూలు మొదటి భాగం కాదు, విలంబంగా తడుముకుంటూ నడిచే ఊహాగానం. శ్రుతి ఇ ఫ్లాట్ మేజర్ అన్నారు, కానీ సి మైనర్ వైపు వాలుతూ ఉంటుంది. చెయ్యడం రాక కాదు, కావాలనే. దమ్ముంటే మూడో భాగం రొమాన్స్ విని ఏమీ అనిపించలేదని చెప్పండి.

ఆర్కెస్ట్రాకి ఆమె విడిగా రాసింది ఒక్క ఓవర్చర్ (ఒకే భాగం ఉన్న చిన్న ఆర్కెస్ట్రా రచన) మాత్రమే. సింఫనీ రాయలేదు. ఆర్కెస్ట్రా చేతిలో లేనివాళ్ళు సింఫనీ ఎందుకు రాస్తారు? తోట హాల్లో ఏది వాయించగలరో అదే రాసింది. 450కి పైగా రచనలు, అందులో 250 దాకా పాటలే.

నిక్కచ్చి:

రొమాన్స్ మూడుసార్లు విన్నా. ఒప్పుకుంటున్నా. మొదటి భాగం మీద మాత్రం నా మాట మీదే ఉన్నా.

గోదారిగట్టు:

మరి చివరికి తన పేరుతో అచ్చు వేసిందా లేదా? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

శ్రుతిలయ:

వేసిందండీ. 1846లో. ఇద్దరు బెర్లిన్ ప్రచురణకర్తలు పోటీపడి అడిగారు. కోయ్‌డెల్ అనే కుర్ర మిత్రుడు పక్కన నిలబడి ధైర్యం చెప్పాడు. జూలైలో తమ్ముడికి రాసింది: పద్నాలుగేళ్ళప్పుడు నాన్నంటే ఎంత భయమో, నలభై ఏళ్ళొచ్చినా తమ్ముళ్ళంటే అంత భయం నాకు. అయినా నేను అచ్చు వెయ్యడం మొదలెడుతున్నాను అని. అడగలేదు, చెప్పింది.

ఫెలిక్స్ ఒక నెల జవాబివ్వలేదు. ఆగస్టు 12న రాశాడు. మా వృత్తివాళ్ళ తరఫున ఆశీస్సులు, జనం నీ మీద గులాబీలే చల్లాలి, ఇసుక చల్లకూడదు అని. మనసులో అతనికి ఇష్టం లేదని తెలుసు, అయినా ఒక మంచి మాట అన్నాడు, అది చాలు అని ఆమె డైరీలో రాసుకుంది.

ఒకటో సంపుటి ఆరు పాటలు, మొదటిది హైనే కవితకి కట్టిన హంస పాట. మీద ఫ్యానీ హెన్సెల్ అన్న పేరు, పుట్టింటి పేరుతో కలిపి. తర్వాత పియానో రచనలు, తోట పాటలు ఒకదాని వెంట ఒకటి. 1847 ఏప్రిల్ 11న చెల్లెలు రెబెకా పుట్టినరోజుకి డి మైనర్ ట్రయో (పియానో, వయొలిన్, చెల్లోలకి రాసిన రచన) వాయించింది. అది ఆమె రాసిన పెద్ద రచనల్లో తిరుగులేనిది. ఆ వసంతంలో క్లారా షూమన్ బెర్లిన్‌లో ఉంది, ఇద్దరికీ బాగా కుదిరింది. తన ట్రయోని ఫ్యానీకి అంకితం ఇవ్వాలనుకుంది క్లారా.

మే 13న ఫ్యానీ ఒక పాట రాసింది, కొండ మీది ఆనందం గురించి. మర్నాడు మధ్యాహ్నం ఆదివారం కచేరీకి రిహార్సల్. తమ్ముడి రచనే, వాల్‌పుర్గిస్ రాత్రి. పియానో దగ్గర ఉండగా చేతులు తిమ్మిరెక్కాయి. పక్కగదిలోకి వెళ్ళింది. రిహార్సల్ ఆపొద్దంది, తలుపు తెరిచి ఉంటే వినబడుతూనే ఉంది. పక్షవాతం. ఆ రాత్రికే పోయింది. 41 ఏళ్ళు. తన పేరుతో పుస్తకం చూసుకుని ఏడాది కూడా కాలేదు.

కబురు విని ఫెలిక్స్ కూలబడిపోయాడు. అంత్యక్రియలకి రాలేకపోయాడు. ఆ వేసవిలో స్విట్జర్లాండ్‌లో ఎఫ్ మైనర్ క్వార్టెట్ రాశాడు, ఆయన సంగీతంలో అంత ఏడుపు ఇంకెక్కడా లేదు. అక్క రచనల్లో మిగిలినవి అచ్చుకి సిద్ధం చెయ్యడం మొదలెట్టాడు. నవంబర్ 4న తనూ పోయాడు. 38 ఏళ్ళు. ట్రయో 1850లో బయటికొచ్చింది. ఆ తర్వాత నూట ముప్ఫై ఏళ్ళు మిగతావన్నీ దాదాపు బీరువాల్లోనే ఉన్నాయి. ఒక్కోటి తీసి అచ్చు వెయ్యడం ఎక్కువగా 1980ల నుంచే.

కృష్ణవేణి:

ఫెలిక్స్ మీద నేనన్న మాటలు కొన్ని వెనక్కి తీసుకుంటున్నా. 1837 ఉత్తరం విషయంలో మాత్రం కాదు.

బెర్లిన్_మనవాడు:

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా. నిన్న ఆఫీసు అయ్యాక వెళ్ళి చూసొచ్చాను.

లైప్‌జిగర్ వీధిలో ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఇప్పుడున్నది బుందెస్‌రాట్, అంటే ఇక్కడి రాష్ట్రాల ప్రతినిధుల సభ. దాని ముందు నుంచి నేను ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను. వెనకాల తోట హాలు ఉండేదని, అక్కడ ఆదివారాలు పాడేవాళ్ళని నాకు తెలియదు.

అక్కడినుంచి మెట్రోలో మేరింగ్‌డామ్ స్టేషన్‌కి. దగ్గర్లోనే పాత శ్మశానాలు ఉన్నాయి, చెట్లు గుబురుగా ఉంటాయి. అక్కాతమ్ముళ్ళు పక్కపక్కనే ఉన్నారు. ఫెలిక్స్‌ది తెల్లటి సిలువ. ఫ్యానీ రాతి మీద పేరు, తేదీలతో పాటు అయిదు గీతలు గీసి స్వరాలు చెక్కారు. శ్రుతిలయ గారు చెప్పిన ఆ మే 13 పాటలోవే. కింద జర్మన్‌లో మాటలు, తలపులూ పాటలూ సాగిపోతాయి, స్వర్గం దాకా అని. నాకు నొటేషన్ చదవడం రాదు. ఫోటో తీశాను, రాత్రికి పెడతాను. ఎవరైనా వాయించి పెట్టగలరా?

శ్రుతిలయ:

ఫోటో అక్కర్లేదండీ, పాట నా దగ్గర ఉంది. రేపు పొద్దున క్లాసులు మొదలయ్యేలోపు పియానో మీద వాయించి రికార్డు చేసి ఇక్కడే పెడతాను. పాడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, శ్రుతి మార్చి కూడా పంపుతాను.

గోదారిగట్టు:

నేను పాడలేను గానీ మా అమ్మాయి పాడుతుంది, పద్నాలుగేళ్ళు. సాయంత్రం స్కూలు నుంచి రాగానే అడుగుతా.